మెడ నిలబెట్టే గౌను: అరవైల నాటి హాంకాంగ్ చోంగ్‌సామ్ కుట్టే విధానం

చోంగ్‌సామ్, అంటే ఎత్తు కాలరు ఉన్న చైనా గౌను, కుట్టాలనుకునేవారు సాధారణంగా ముందు బట్ట కొంటారు. నిజానికి ముందు తేల్చుకోవలసింది కాలరు సంగతి. 2000లో వచ్చిన వాంగ్ కార్-వై చిత్రం ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’లో మ్యాగీ చుంగ్ 20కి పైగా చోంగ్‌సామ్‌లు ధరిస్తుంది. రంగులు, పూలు, చారలు ఎన్ని మారినా, మెడను వంగనివ్వని ఆ ఎత్తు కాలరు మాత్రం వాటన్నిటినీ ఒకే వరుసలో నిలబెడుతుంది. కథాకాలం 1962. దుస్తుల రూపకర్త విలియమ్ చాంగ్. 1920లలో షాంఘైలో రూపుదిద్దుకున్న ఈ గౌనును, 1949 తర్వాత హాంకాంగ్ చేరిన షాంఘై దర్జీలు డార్టులతో (ఒంటి వంపుకు తగ్గట్టు బట్టను మడిచి వేసే కుట్లతో), పక్క జిప్పుతో ఒంటికి మరింత పట్టేలా కుట్టసాగారు. మనకు నమూనా అదే. బంగారు డ్రాగన్ల ఎర్ర శాటిన్ గౌనుకు ఈ కోవలో చోటు లేదు.

సాగే బట్ట వద్దు. పెద్ద పూల ముద్రలున్న నూలు, రేయాన్ లేదా పట్టు తీసుకోండి. మోకాలి కిందిదాకా వచ్చే గౌనుకు 110 సెం.మీ. పన్నా బట్ట సుమారు రెండున్నర మీటర్లు, దాదాపు అంతే లైనింగు కావాలి. ఛాతీ, నడుము, పిరుదుల కొలతలకు 4 సెం.మీ. చొప్పున వదులు కలిపి, ముందుగా పాత దుప్పటితో నమూనా కుట్టి, తొడుక్కొని కుర్చీలో కూర్చోండి. పొట్ట దగ్గర అడ్డంగా ముడతలు లాగితే డార్టులు తగ్గించాలి. అసలు బట్టను కోశాక ఆ తప్పు దిద్దడం కష్టం.

ముందుభాగం మెడ మధ్య నుంచి ధరించేవారి కుడి చంక వరకు వంపుగా తెరుచుకుంటుంది. దాని కింద 5 సెం.మీ. లోపలికి వెళ్లే చిన్న ముక్క ఒకటి ఉంటుంది. దర్జీ పనితనం తెలిసేది ఇక్కడే. చిన్న ముక్కను బట్ట మీద ఎక్కడ వీలైతే అక్కడ కోసేస్తే, వంపు గీత దగ్గర పువ్వు రెండుగా తెగి కనిపిస్తుంది. అందువల్ల ముందుభాగాన్ని ముందు కోసి, దాన్ని మిగిలిన బట్ట మీద పరిచి, పైన సగమైన రేకు కింద కొనసాగే చోటు దొరికేదాకా జరుపుతూ చూసి, అప్పుడే చిన్న ముక్క గీయాలి. దీనికి బట్ట అరమీటరు అదనంగా ఖర్చయినా వెనుకాడవద్దు.

కాలరుకు మెడ చుట్టుకొలత మీద ఒకటిన్నర సెం.మీ. కలపండి. మామూలుగా 4 నుంచి 5 సెం.మీ. ఎత్తు చాలు, సినిమా తీరు కావాలంటే 6 వరకు వెళ్లవచ్చు, కాని పొట్టి మెడకు అది శిక్షే. లోపల రెండు పొరల బకరం వేసి, కుట్టు మార్జిన్ లోకి బకరం పోకుండా అంచున కత్తిరించండి. ముందు కొసలు గుండ్రంగా ఉండి, ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా సరిగ్గా తాకాలి. కాలరును ముందు టాకాలు వేసి చూసుకోండి: ఒక వేలు దూరితే సరిపోయింది, రెండు దూరితే వదులు.

జాకెట్లకు క్రాస్ పట్టీతో పైపింగ్ వేసిన చేతికి అంచు పని కొత్త కాదు. బొత్తాలకూ అదే క్రాస్ పట్టీ: రెండున్నర సెం.మీ. వెడల్పు పట్టీని మడిచి సన్నని తాడులా చేత్తో కుట్టి, ఒక కొసన గుండ్రని ముడి వేసి, రెండో తాడును ఉచ్చుగా మలిచి, కుట్లు కనబడకుండా బిగించాలి. రాగి తీగ పెట్టి మలిచే పూల బొత్తాలు అందమైనవే, కాని మొదటి గౌనుకు తిన్నగా ఉండే సాదా బొత్తాలే మేలు. వంపు గీత కింద టిచ్ బటన్లు, చంక నుంచి పిరుదు వరకు కుడి పక్కన జిప్పు.

పక్క చీలిక మోకాలికి బెత్తెడు పైన ఆగితే పగటి గౌనుకు తగినంత. చీలిక పైకొసన లోపల చిన్న బట్టముక్క వేసి చేత్తో రెండు మూడు సార్లు బిగించండి. మెట్లెక్కేటప్పుడు గౌను చిరిగేది అక్కడే.