సీసపు పట్టీ మాట వినకపోతే: స్టెయిన్డ్ గ్లాస్ పనిలో సమస్య – పరిష్కారం

తార్నాకలో మా మేడమీద రేకుల షెడ్డులో పూజగది తలుపులకూ వెంటిలేటర్లకూ స్టెయిన్డ్ గ్లాస్ పలకలు చేస్తుంటాను. కొత్తగా ఈ పనిలో దిగినవాళ్లు ఫోన్ చేసి చెప్పేవి ఎక్కువగా చివర్లో బయటపడ్డ కష్టాలే. టంకం పట్టట్లేదంటారు, పలక చట్రంలో దిగట్లేదంటారు. వెళ్లి చూస్తే గాజు కోత బాగానే ఉంటుంది. తేడా గాజు ముక్కల్ని ఒకదానికొకటి కలిపి పట్టే సీసపు పట్టీని సిద్ధం చేసిన తీరులో ఉంటుంది.

ముందు పేర్లు చెప్పుకుందాం. పట్టీని అడ్డంగా కోసి చూస్తే హెచ్ అక్షరం పక్కకు పడుకున్నట్టు కనిపిస్తుంది. మధ్యలో నిలబడ్డ సన్నని గోడను నేను నడుము అంటాను. పైనా కిందా ఉన్నవి రెక్కలు, గాజు దూరే చోటు గాడి. పలక చుట్టూ అంచుకు యు ఆకారం పట్టీ కూడా వాడతారు.

పట్టీ పాములా వంకర్లు తిరుగుతోంది

సీసం ఎంత మెత్తనంటే గోటితో గీసినా గీత పడుతుంది. ఆరడుగుల పట్టీ పార్సిల్‌లో మన దగ్గరికి వచ్చేసరికి నాలుగు వంకలు, ఒక మెలిక ఖాయం. చేత్తో నొక్కి సరిచేయబోతే ఇక్కడ దిగిన వంక అక్కడ లేస్తుంది. సాగదీయడం ఒక్కటే మందు.

అయితే ముందు మెలిక విప్పాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. పట్టీని బల్లమీద పరిచి, రెండు వేళ్ల మధ్య పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు జారుస్తూ పోండి. మెలిక ఉన్నచోట పట్టీ వేళ్ల మధ్య పక్కకు తిరుగుతుంది. అక్కడ ఆగి విప్పండి. విప్పకుండా లాగితే ఆ మెలిక అలాగే బిగిసిపోతుంది, గాజు ఆ గాడిలోకి చచ్చినా దూరదు.

తర్వాత ఒక చివర అంగుళం మేర బల్లకున్న వైస్‌లో బిగించండి. రెండో చివర ప్లయర్‌తో పట్టుకుని, కుదుపు లేకుండా ఒకే బలంతో వెనక్కి లాగండి. మొదట వంకలు పోతాయి, తర్వాత పట్టీ బిగుసుకుంటుంది, ఆపైన పిండి సాగినట్టు చేతికి కొంచెం జారుతుంది. అక్కడే ఆపాలి. ఆరడుగులకు 2 అంగుళాలు సాగితే చాలు.

లాగేటప్పుడు ఒక కాలు వెనక్కి పెట్టి నిలబడండి. మొదట్లో నేను రెండు కాళ్లూ జోడించి బలమంతా పెట్టి లాగాను. మా కుర్రాడు "అన్నా, చాలన్నా" అంటూనే ఉన్నాడు, పట్టీ పుటుక్కున తెగింది, నేను వెళ్లి నీళ్ల డ్రమ్ము మీద పడ్డాను. వాడు నవ్వాపుకోలేక మెట్లు దిగి కిందికి పోయాడు.

ఆ రోజు పనికి సరిపడా పట్టీలే సాగదీయండి. వారానికి సరిపడా ఒకేసారి లాగి మూల నిలబెడితే, అవి మళ్లీ వంగిపోయి కూర్చుంటాయి.

లాగుతుంటే తెగిపోతోంది, లేదా పైన గరుకు తేలుతోంది

వైస్ దగ్గరే తెగితే దాని పళ్లు నడుము దాకా దిగాయని అర్థం. పట్టు పొడవు పెంచండి, బిగింపు తగ్గించండి. మధ్యలో తెగితే అక్కడ ముందే నొక్కు పడి ఉంటుంది. తెగకుండా నారింజ తొక్కలా గరుకు తేలిందంటే అతిగా సాగదీశారు. నడుమూ రెక్కలూ పలచబడిపోయాయి, బరువు మోసే చోట దాన్ని వాడకండి. రెండు చివర్లా పళ్లు దిగిన అంగుళం ఎలాగూ కోసి పారేయాల్సిందే.

ఇక్కడో మాట. పాత బ్యాటరీ ప్లేట్లు కరిగించి పట్టీలు మనమే పోసుకుంటే చవక కదా అని కొందరు సలహా ఇస్తారు. వద్దు. ఆ సీసంలో ఆంటిమొనీ కలిసి ఉంటుంది, గట్టిగా ఉండి వంపులకు లొంగదు. పైగా దాన్ని ఇంట్లో కరిగించడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

కోసిన చోట నోరు మూసుకుపోయింది

నిప్పర్ (పట్టీ కోసే కటింగ్ ప్లయర్) పట్టుకున్న దిక్కు తప్పు. దాంతో పై రెక్కనూ కింది రెక్కనూ కలిపి నొక్కితే అవి అతుక్కుపోతాయి. రెండు పక్కల గాడుల వైపు నుంచి, రెక్కల అంచులను కొరికేలా పట్టాలి. దవడల చదునైన వైపు మీకు కావాల్సిన ముక్క వైపు ఉండాలి. కత్తితో కోసేవాళ్లు కిందికి నొక్కకుండా, అటూ ఇటూ ఊపుతూ మెల్లగా దించాలి. మూసుకున్న నోరు తెరవడానికి మొన చదును చేసిన వెదురు బద్ద చాలు. కోయకముందే ఒకసారి గాడి పొడవునా ఆ బద్ద జరిపితే సగం గొడవ తప్పుతుంది.

పలక గీసిన బొమ్మకన్నా పెద్దదైంది

నాకు వచ్చే ఫోన్లలో సగం దీని గురించే. పట్టీ నడుము సుమారు 1.6 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. బొమ్మలో ముక్కకూ ముక్కకూ మధ్య అంత సందు వదలాలి. మార్కర్‌తో ఆ మందాన గీత గీసి, గాజును గీత లోపలి అంచుకు కోస్తే సరిపోతుంది.

సందు వదిలినా పెరిగిందంటే గాజు నడుము దాకా వెళ్లలేదు, రెక్కలు ముడుచుకుని దాన్ని బయటే ఆపాయి. ముక్కకు అర మిల్లీమీటరే తేడా అయినా, వరసలో 8 ముక్కలుంటే 4 మిల్లీమీటర్లు పెరిగినట్టే. చట్రం పట్టదు.

ఇంకో కారణం పట్టీ పొడవు. 6 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలో నడుము దాటి రెక్క అటూ ఇటూ 2 మిల్లీమీటర్లకు పైగా గాజు మీదికి వస్తుంది. దానికి తగిలే పట్టీని గాజు అంచు దాకా కోస్తే, ఈ రెక్క దాన్ని గుద్దుకుని ఆగుతుంది, గాజు లోపలికి పోదు. అందుకే పట్టీని గాజు అంచుకు 2 మిల్లీమీటర్ల ముందే ఆపండి. పలక మొత్తం అయ్యాక సుత్తితో తట్టి సరిచేద్దామనుకుంటే గాజు పగులుతుంది. ఒక్కో ముక్క పెట్టగానే కొలవండి.

టంకం ముత్యంలా గుండ్రబడి జారిపోతోంది

సీసం గాలి తగిలితే మసకబారుతుంది. ఆ పొర మీద టంకం నిలవదు. అతుకు వేసే చోట ఇత్తడి తీగల బ్రష్‌తో, మెరుపు కనిపించేదాకా రుద్ది, వెంటనే ఫ్లక్స్, అంటే టంకం పట్టేలా చేసే పూత, రాయండి. ఒలీయిక్ ఆసిడ్ బాగా పనిచేస్తుంది. కొవ్వొత్తి రాస్తే చాలని ఎవరో చెబితే నమ్మి ఇంట్లోని కొవ్వొత్తి రుద్దినవాళ్లున్నారు. పాతకాలంలో వాడింది పశువుల కొవ్వుతో చేసింది. ఇప్పుడు కిరాణా కొట్లో దొరికేది పారఫిన్ మైనం, దానికి ఆ గుణం లేదు.

టంకం బదులు సీసమే కరిగి గుంట పడింది

సీసం 327 డిగ్రీలకు కరుగుతుంది. 60 పాళ్లు తగరం, 40 పాళ్లు సీసం ఉన్న 60/40 టంకం 190 లోపే కరిగిపోతుంది. టంకం వేసే ఐరన్ మొన చాలాసార్లు 350 దాటి ఉంటుంది కాబట్టి మనల్ని కాపాడేది ఆనించే సమయమే. ఒకటి రెండు సెకన్లలో లేపేయండి. ముందు తుంపు ముక్క మీద చూసుకోండి.

దాచిన పట్టీల మీద తెల్లపొడి

పోయిన వానాకాలం నా పట్టీలకే పట్టింది. కొత్త ప్లైవుడ్ అలమరాలో, వెనిగర్ వాసన వచ్చే సిలికోన్ ట్యూబుల పక్కన పెట్టాను. చెక్క నుంచీ ఆ సిలికోన్ నుంచీ వచ్చే అసిటిక్ ఆసిడ్ ఆవిరి, తేమ కలిసి సీసాన్ని తింటాయి. ఆ పొడి సీసపు కార్బొనేటు, విషం. పొడిగా ఉండగా బ్రష్‌తో దులపొద్దు, ఊదొద్దు. గ్లవ్స్ వేసుకుని తడిబట్టతో తుడిచి, బట్టను కవర్లో మూటకట్టి పారేయండి. గుంటలు పడ్డ పట్టీలు వాడకండి. మిగతావి పాలిథీన్‌లో చుట్టి ఇనుప ర్యాకు మీద పెట్టండి.

షెడ్డులో టీ తాగడం నేను మానేశాను. పనయ్యాక సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, చొక్కా అక్కడే విడిచి కిందికి దిగుతాను. మా ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఆ చొక్కాను వాళ్ల బట్టలతో కలిపి వాషింగ్ మెషీన్‌లో వేయం, విడిగా ఉతుకుతాం.