గడ్డి ఎండకముందే: సైప్రస్‌లో కార్చిచ్చు కాలానికి జాగ్రత్తలు

మన నల్లమలలో మంటలు ఫిబ్రవరి నుంచి మే దాకా. తొలకరి పడిందంటే భయం తీరినట్టే. సైప్రస్‌లో ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ వానలు పడేది చలికాలంలో. ఆ తడికి మోకాలెత్తు గడ్డి లేస్తుంది, మే నాటికి గడ్డివాములా ఎండిపోతుంది, సరిగ్గా అప్పుడే ఎండలు ముదురుతాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చినుకు రాలడం అరుదు. గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి వెళ్లినవాళ్లు ఆ ద్వీపంలో చాలామందే ఉన్నారు. లిమసోల్, పాఫోస్ జిల్లాల కొండ ఊళ్లలో ఉండేవాళ్లు ఇంటి చుట్టూ చేయాల్సిన పనులు మే నెలాఖరులోపు ముగించాలి. జులైలో ఈ పనులకు దిగితే వాటి వల్లే మంట పుట్టొచ్చు.

కార్చిచ్చు అనగానే అందరూ పైన్ చెట్ల వైపు చూస్తారు. నిప్పు ముందు అంటుకునేది గడ్డికి. అక్కడి నుంచి పొదకు, పొద మీదుగా కింది కొమ్మకు, కొమ్మ నుంచి చెట్టు తలకు పాకుతుంది. ఆ మెట్లలో ఒకటి తీసేస్తే చాలావరకు పని జరిగినట్టే. సాగు మానేసి వదిలేసిన ద్రాక్షతోటల మెట్లపొలాలు నిజానికి అడవి కంటే ప్రమాదం, ఎందుకంటే అక్కడ గడ్డి కోసే దిక్కుండదు.

ఇంటి గోడకు ఆనుకుని ఒకటిన్నర మీటరు వరకు కాలే వస్తువేదీ ఉంచకండి. కట్టెల మోపు, ప్లాస్టిక్ కుర్చీలు, గడ్డి చాపలు అక్కడి నుంచి తీసేయాలి. పది మీటర్ల దాకా గడ్డి పది సెంటీమీటర్లు మించకూడదు. పెద్ద చెట్లకు నేల నుంచి రెండు మీటర్ల ఎత్తు వరకు కొమ్మలు కొట్టేయాలి. చిన్న చెట్టయితే కింది మూడో వంతు చాలు. కంచెగా పెంచే సైప్రెస్ (cypress) చెట్లు బయటికి పచ్చగా కనిపిస్తాయి కానీ లోపలంతా ఎండు పుల్లలే, చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది. చూరు వెంట ఉండే వాననీటి కాలువల్లో పైన్ సూదులు పేరుకుంటాయి. మంట ఇంకా కిలోమీటరు దూరంలో ఉండగానే గాలికొచ్చిన నిప్పుకణిక వాటిలో పడి ఇల్లు అంటుకోవచ్చు. కోసిన గడ్డిని కుప్ప పోసి వదలకండి, తగలబెట్టకండి. గడ్డిలోకి దిగేముందు చీలమండ దాటే బూట్లు వేసుకోవాలి. స్థానికులు ఫినా అనే రక్తపింజరి జాతి పాము ఆ నెలల్లో తిరుగుతుంది. నల్లటి జెర్రిగొడ్డు లాంటిది కనిపిస్తే దాని దారిన దాన్ని పోనివ్వండి, దానివల్ల మనకు హాని లేదు.

ఇక యంత్రాలు. ఎక్కువ మంటలు పుట్టేది మనుషుల పనుల నుంచే. గడ్డి కోసే బ్రష్ కట్టర్ యంత్రానికి ఇనుప బ్లేడు ఉంటే అది రాయికి తగిలి నిప్పురవ్వ లేస్తుంది. ఆ కొండల నేలంతా రాళ్లే కాబట్టి నైలాన్ తీగ వాడండి. పొద్దున తొమ్మిదిలోపు పని ఆపేయాలి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది, పొద్దుట కనిపించని రవ్వ అప్పుడు రాజుకుంటుంది. పెట్రోలు పోసేముందు ఇంజన్‌ను పది నిమిషాలు చల్లారనివ్వాలి, పోసిన చోటు నుంచి మూడు మీటర్లు జరిగాకే స్టార్ట్ చేయాలి. గ్రైండింగ్, వెల్డింగ్ రవ్వలు పది మీటర్ల దాకా ఎగురుతాయి, కాబట్టి అంత మేరా నేల తడపాలి. పక్కన నీళ్ల బకెట్లు రెండు, పార ఒకటి, చూస్తూ నిలబడే మనిషి ఒకరు ఉండాలి. పని అయ్యాక అరగంట అక్కడే కాపలా ఉండాలి. ఈ చివరి అరగంటే అందరూ ఎగ్గొడతారు. కారును ఎండుగడ్డి మీద ఆపకండి, సైలెన్సర్ వేడికే గడ్డి అంటుకుంటుంది. అటవీశాఖ రెడ్ అలర్ట్ ప్రకటించిన రోజున యజమాని చెప్పినా సరే ఈ పనులేవీ ముట్టుకోవద్దు.

సౌవ్లా (బొగ్గుల మీద కాల్చే మాంసం) చేశాక మిగిలే బూడిద విషయం: పైకి చల్లారినట్టున్నా రెండు రోజుల దాకా లోపల నిప్పుంటుంది. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ నీళ్లు పోసి, మూతున్న ఇనుప బకెట్‌లో ఉంచాలి.

పొగ కనిపిస్తే 112 లేదా 199. అడవి మంటకు అటవీశాఖ నంబరు 1407. ఇంగ్లీషులో మాట్లాడొచ్చు. దగ్గరి ఊరి పేరు, పొగ ఏ దిక్కున ఉందో ముందు చెప్పండి. మంటను గ్రీకులో ‘ఫోత్యా’ అంటారు, పొరుగింటివాళ్లకు ఆ ఒక్క మాట చాలు.

బయల్దేరే వేళ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2021 జులై 3న లిమసోల్ జిల్లాలోని అరకపాస్ ఊరి దగ్గర లేచిన మంట 50 చదరపు కిలోమీటర్లకు పైగా కాల్చింది. ఈజిప్టు నుంచి వచ్చిన నలుగురు వ్యవసాయ కూలీలు తప్పించుకోబోయి చనిపోయారు. 2025 జులైలో లిమసోల్ కొండల్లో 100 చదరపు కిలోమీటర్లకు పైగా కాలింది. అప్పుడు చనిపోయిన ఇద్దరూ కాలిన కారులో దొరికారు. మంట కనిపించాక దారి పట్టడమంటే పొగలో గుడ్డిగా నడపడమే. వాలు పది డిగ్రీలు పెరిగితే ఎగువకు పాకే మంట వేగం సుమారు రెట్టింపవుతుంది. కొండ రోడ్డు మీద అది మీకంటే ముందే పైకి చేరొచ్చు. ఖాళీ చేయమని కబురు రాకపోయినా, పొగ మీ వైపు వంగుతుంటే కదలండి. మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకునేవాళ్లు మిగతా ఊరికంటే గంట ముందు బయల్దేరాలి. మీకు డ్రైవింగ్ రాకపోతే ఎవరి కారు ఎక్కాలో ఊరి ముఖ్తార్ (ఊరి పెద్ద)తో, పక్కింటివాళ్లతో మే నెలలోనే మాట్లాడి పెట్టుకోండి. తలుపు పక్కన సంచిలో పాస్‌పోర్టు, పింక్ స్లిప్ (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి పత్రం), పెద్దవాళ్ల మందులు, ఛార్జర్, రెండు లీటర్ల నీళ్లు, నూలు బట్టలు, బూట్లు ఉండాలి. పాస్‌పోర్టు మీ చేతిలో ఉండాల్సిన వస్తువు, మేడమ్ బీరువాలో కాదు. నైలాన్, పాలిస్టర్ బట్టలు వేడికి కరిగి ఒంటికి అంటుకుంటాయి.

దారి మూసుకుపోతే ఇంట్లోనే ఉండటం మేలు. గ్యాస్ కట్టేసి, షట్టర్లు దించి, కర్టెన్లు ఊడదీసి, బకెట్లు నింపి, తలుపు సందుల్లో తడి తువ్వాళ్లు కుక్కండి. మంట వచ్చే వైపు గదిలో ఉండకండి. ముందు వరస దాటిపోయాక బయటికి వచ్చి చూరు, మెట్లు తడపండి. కారులో చిక్కుకుంటే గడ్డి లేని చోట ఆపి, అద్దాలు బిగించి, లైట్లు వేసి, ఉన్ని దుప్పటి కప్పుకుని కిటికీ కింది మట్టానికి వంగాలి. కాలినడకన ఉంటే లోయల్లోకి, కొండెగువకు పోవద్దు. దున్నిన పొలం, లేదా అప్పటికే కాలిపోయిన నేల వైపు నడవండి. వీడియో కోసం డ్రోన్ ఎగరేశారంటే నీళ్లు చల్లే విమానాలను దించేయాల్సి వస్తుంది.

మంట ఆరాక కూడా మొద్దుల కింద వేళ్లు రోజుల తరబడి లోలోపల కాలుతుంటాయి. పైన గట్టిగా కనిపించే నేల కాలు మోపగానే కుంగుతుంది. కాలిన అడవిని చూసి విత్తనాలు చల్లాలని, మొక్కలు నాటాలని తొందరపడేవాళ్లుంటారు. అక్కడి బ్రూటియా పైన్ కాయలు మంట వేడికే విచ్చుకుని గింజలు రాలుస్తాయి. తొలి చలికాలపు వానకు మొలకలు వాటంతట అవే వస్తాయి, వేలెడంత కూడా ఉండవు. అప్పుడు ఆ వాలు మీద నడవకుండా, మేకలు తోలకుండా ఉంటే చాలు. ఆ మొలకలు కాయకాసే వయసు రాకముందే మళ్లీ మంట వస్తే మాత్రం నేలలో గింజ ఉండదు, పొదలే మిగులుతాయి.