తొలకరికి ముందు హెచ్‌టీ ప్యానెల్ వింటున్నారా? తలుపు తీయకండి

మృగశిర దగ్గరపడిందంటే హెచ్‌టీ (హై టెన్షన్, అంటే వేల వోల్టుల) ప్యానెళ్ళకు గండం మొదలైనట్టే. ఎండాకాలమంతా ఇన్సులేటర్ల మీద పేరుకున్న దుమ్ము, విశాఖ, కాకినాడ వైపైతే దానికి తోడు ఉప్పు, తొలి తేమ తగలగానే కరెంటుకు దారి ఇస్తాయి. ప్యానెల్ ఫ్లాష్ అయి (కరెంటు గాలిలోంచి దూకి మంటలా పేలి) ఎలక్ట్రీషియన్ కాలిపోయాడన్న వార్తలు చదువుతూనే ఉన్నాం. చెవికందని చప్పుడును వినిపించే అల్ట్రాసౌండ్ గన్‌తో ముందే విని పట్టుకోవడం మంచి పనే. ఆ పనిలోనే మనుషుల్ని బలితీసుకునే తప్పు ఒకటుంది: ఇంకా బాగా వినపడాలని లైవ్ ప్యానెల్ తలుపు తీయడం.

లోపల డిశ్చార్జ్ (కరెంటు గాలిలోకో, ఇన్సులేటర్ మీదుగానో కారడం) నడుస్తుంటే అక్కడి గాలి అప్పటికే సగం కరెంటు దారి. తలుపు లాగిన కుదుపు, లోపలికి వెళ్ళే తేమగాలి, జారిపడే ఒక్క నట్టు చాలు, ఫ్లాష్ అవుతుంది. అడ్డంగా ఉన్న ఆ కాస్త రేకును కూడా మీరే తీసేసుకున్నారు.

తలుపు తీయనక్కరే లేదు. చప్పుడు సందుల్లోంచి, లూవర్లలోంచి (గాలి ఆడే చీలికలు) బయటికి వస్తుంది. గన్‌ను 40 కిలోహెర్ట్జ్‌లో పెట్టి, సెన్సిటివిటీ ఎక్కువలో మొదలుపెట్టి తగ్గించుకుంటూ, సందు వెంబడి పైనుంచి కిందికి నెమ్మదిగా నడపండి. కరోనా (తీగ చుట్టూ గాలిలోకి కరెంటు కారడం) అయితే నూనెలో అప్పడం వేగుతున్నట్టు ఆగని సొద. ట్రాకింగ్ (ఇన్సులేటర్ మీద కరెంటు పాకడం) అయితే సొద పెరుగుతూ పెరుగుతూ వచ్చి టక్కున పడిపోతుంది, మళ్ళీ మొదలవుతుంది. ఆర్కింగ్ (గాలిలో కరెంటు దూకి మెరవడం) ఉన్నట్టుండి చిటపటలాడి ఉన్నట్టుండి ఆగుతుంది. 415 వోల్టుల ప్యానెల్లో కరోనా ఉండదు. అక్కడ ఆగని సొద వస్తుంటే పక్కన గాలి లైను లీకుందేమో, అట్టముక్క అడ్డంపెట్టి చూడండి.

థర్మల్ కెమెరాలో ఏమీ కనపడలేదని నిశ్చింతగా ఉండకండి. కరోనా పెద్దగా వేడెక్కించదు. కెమెరా కోసం తలుపు తీయాలనుకునేవాళ్ళు సైతం ముందు మూసిన తలుపు దగ్గర వినాలి.

గ్యాస్కెట్ బిగుతుగా ఉంటే లోపలి చప్పుడు బయటికి రాకపోవచ్చు. ఏమీ వినపడకపోతే క్షేమమని కాదు. అలాంటిచోట టీఈవీ సెన్సర్ (డిశ్చార్జ్ వల్ల ప్యానెల్ రేకు మీద పుట్టే చిన్న వోల్టేజీని పట్టేది) వాడండి. అంతే తప్ప తలుపు తీయకండి.

చప్పుడు వినపడితే వెనక్కి జరగండి. ఇన్‌చార్జికి చెప్పండి. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సప్లై ఆపి పనికిచ్చే అనుమతి) తీసుకుని, అవతలివైపు నుంచి వెనక్కి వచ్చే బ్యాక్ ఫీడ్‌తో సహా అన్నివైపులా ఐసొలేట్ చేసి, టెస్టర్‌తో చూసి, ఎర్త్ చేశాకే తలుపు.

గన్ ముక్కుకు తొడిగే రబ్బరు గొట్టం ఇన్సులేషన్ కాదు. సందులో దూర్చకండి. తాకించి వినే కాంటాక్ట్ రాడ్ పెట్టెలోనే ఉండనివ్వండి. ఒంటరిగా వెళ్ళకండి, హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాడికి వెనకనుంచి వేసిన కేక వినపడదు. ఆర్క్ సూటు, ఫేస్ షీల్డు తప్పనిసరి. నైలాన్ చొక్కా వద్దు. తెరిచాక తెల్లని పొడి, రాగి మీద పచ్చని చిలుము, వేళ్ళలా పాకిన నల్లగీతలు వెతకండి. తుడిచేముందు ఫోటో తీయండి. నల్లగీత పడ్డ ఇన్సులేటర్‌ను తుడిచి మళ్ళీ బిగించకండి, మార్చేయండి. కేబుల్ లోపలికి వెళ్ళే గ్లాండ్ రంధ్రాలు మూయండి. లోపలి తేమ ఆరబెట్టే స్పేస్ హీటర్ స్విచ్ ఆన్‌లో ఉంటే చాలదు, వేడెక్కుతోందో లేదో చూడండి. తిరిగి చార్జ్ చేశాక అదే సందు దగ్గర, అదే సెన్సిటివిటీలో మళ్ళీ వినండి. తలుపు మూసే.