మేనరికం ఖాయం చేసుకునే ముందు: తలసీమియా పరీక్షకు జాగ్రత్తలు

మా చిత్తూరు వైపు మేనరికాలు ఇంకా కుదురుతూనే ఉన్నాయి. తలసీమియా అంటే తల్లిదండ్రుల నుంచి బిడ్డకు వచ్చే, ఒంట్లో రక్తం సరిగా తయారుకాని జబ్బు. దగ్గరి చుట్టాలైతే ఆ జన్యువు ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఎక్కువ. అందుకే తాంబూలాలు మార్చుకోకముందే ఒకసారి తిరుపతి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి.

• ముందు ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని మూడు తరాల వివరాలు రాసుకోండి. పసితనంలో పోయిన బిడ్డలు, పుట్టుచెవుడు, మాటిమాటికీ రక్తం ఎక్కించిన పిల్లలు, ఏదీ దాచొద్దు. "ఆ బిడ్డ పాలిపోయి ఏడాదికే పోయింది" అని మా అవ్వ అన్న మాటే మా ఇంట్లో అందరినీ పరీక్షకు కదిలించింది.

• పాత రిపోర్టులు తీసుకెళ్లండి. ఎంసీవీ (ఎర్ర రక్తకణాల సగటు సైజు) 80 కంటే తక్కువుంటే ఐరన్ లోపమేనని తేల్చేయకండి. తలసీమియా జన్యువు ఉన్నవాళ్లలోనూ అది తగ్గుతుంది. హెచ్‌బీఏ2 (హిమోగ్లోబిన్‌లో ఒక రకం) ఎంతుందో చూసే పరీక్ష అడగండి. ఐరన్ బాగా తక్కువైతే ఆ ఫలితం కూడా తికమక పెట్టొచ్చు, డాక్టరుకు చెప్పండి.

• ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నారా? ముందే చెప్పాలి.

• అమ్మాయిని ఒక్కదాన్నే పంపడం అన్యాయం. జన్యువు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బిడ్డకు జబ్బు. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ 25 శాతం ప్రమాదం. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదనుకోవద్దు.

• ఒక్కరికే ఉంటే టెన్షన్ వద్దు. అది జబ్బు కాదు, పెళ్లికి అడ్డమూ కాదు.