సూపర్ గేమ్ బాయ్‌ను టీవీకి కలిపే ముందు చూసుకోవలసినవి

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ ఆటలను టీవీలో ఆడుకోవడానికి నింటెండో సంస్థ 1994లో సూపర్ గేమ్ బాయ్ అనే పరికరాన్ని తెచ్చింది. చూడటానికి అది, అదే సంస్థ టీవీకి కలిపి ఆడే యంత్రమైన సూపర్ నింటెండో క్యాసెట్‌లాగే ఉంటుంది. దాని నెత్తిన గేమ్ బాయ్ క్యాసెట్‌ను దించి, రెంటినీ కలిపి సూపర్ నింటెండోలో పెడితే ఆట టీవీ మీదికి వస్తుంది. లోపల గేమ్ బాయ్ ప్రాసెసరే ఉంటుంది కనుక ఆట అచ్చంగా నడుస్తుంది. అమెరికా నుంచి బంధువుల పెట్టెల్లో వచ్చినదైనా, పాతసామాను అమ్మేవారి దగ్గర కొన్నదైనా, ఈ యంత్రానికి ఇప్పుడు ముప్పై ఏళ్లు దాటాయి. అందుచేత స్విచ్ వేయకముందే కొన్ని సంగతులు చూసుకోవాలి.

మొదట చూడవలసింది కరెంటు. అమెరికా సూపర్ నింటెండోతో వచ్చే అడాప్టర్ 120 వోల్టులకు చేసినది, జపాన్‌దైతే 100 వోల్టులకు. మన ఇళ్లలో ఉండేది 230. విమానాశ్రయాల్లో దొరికే ప్లగ్ మార్పిడి ముక్క పిన్నుల ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది, వోల్టేజీని తగ్గించదు. ఫ్రిజ్‌కు వాడే స్టెబిలైజర్ కూడా ఈ పనికి రాదు, ఎందుకంటే అది హెచ్చుతగ్గులను సరిచేసి మళ్లీ 230 దగ్గరికే తెస్తుంది. కావలసింది 230ని 110కి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్. ఈ యంత్రం తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి 100 వాట్లది ధారాళంగా సరిపోతుంది. ఆట అయ్యాక దాన్ని గోడ దగ్గరే ఆపేయాలి. వానాకాలంలో కరెంటు పోయి వస్తున్న రోజున అసలు పెట్టకపోవడమే నయం.

అడాప్టర్ల అదలాబదలీలో ఇంకో ప్రమాదం ఉంది. అమెరికా, జపాన్ యంత్రాలకు 10 వోల్టుల డీసీ కావాలి, యూరప్ యంత్రానికి 9 వోల్టుల ఏసీ కావాలి. అంతకు ముందు తరానికి చెందిన అమెరికా నింటెండో అడాప్టర్ కూడా 9 వోల్టుల ఏసీనే ఇస్తుంది. పిన్ను పట్టింది కదా అని దాన్ని జపాన్ యంత్రానికి గుచ్చితే యంత్రం పాడవుతుంది. పైగా నింటెండో డీసీ అడాప్టర్లలో పిన్ను మధ్య భాగం నెగటివ్, బజారులో దొరికే మామూలు అడాప్టర్లలో చాలావాటికి మధ్య భాగం పాజిటివ్. అడాప్టర్ వీపున ఉన్న చిన్న అక్షరాలను భూతద్దం పెట్టయినా చదివి, ఆ తరువాతే గుచ్చాలి.

ఇక అసలు విలువైనది క్యాసెట్ లోపలి సేవ్. పోకెమాన్ రెడ్ వంటి ఆటల్లో మీరు ఎక్కడిదాకా వచ్చారన్న సంగతి, ఒక బిళ్ల బ్యాటరీ కరెంటు మీద బతికే మెమరీలో ఉంటుంది. బ్యాటరీ చచ్చిన రోజున అది తుడుచుకుపోతుంది. పోకెమాన్ గోల్డ్, సిల్వర్ ఆటల్లో గడియారం కూడా అదే బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి వాటి ఆయుష్షు ఇంకా తక్కువ. చిన్ననాటి సేవ్ ఇంకా మిగిలి ఉంటే, ముందుగా కంప్యూటర్‌కు కలిపే క్యాసెట్ రీడర్‌తో దాన్ని కాపీ చేసుకోండి. టీవీ సరదా తరువాత తీర్చుకోవచ్చు. యంత్రం ఆన్‌లో ఉండగా గేమ్ బాయ్ క్యాసెట్‌ను లాగితే సేవ్ చెడిపోవచ్చు. పాత గేమ్ బాయ్‌లో పవర్ స్విచ్ క్యాసెట్ గాడిలోకి జరిగి దాన్ని బయటికి రానిచ్చేది కాదు. ఆ అలవాటుతో ఇక్కడ ఏమరుపాటుగా ఉండకూడదు. బ్యాటరీ మార్చవలసి వస్తే సోల్డరింగ్ చేయడానికి రేకు చెవులున్న బిళ్లనే కొని వేయించుకోవాలి, ఎందుకంటే బిళ్ల మీద నేరుగా సోల్డరింగ్ చేస్తే అది పగిలే ప్రమాదం ఉంది. తీసిన పాత బిళ్లను చిన్నపిల్లలకు అందకుండా వెంటనే పారేయాలి. మింగితే ప్రాణాపాయం.

ఆట రాకపోతే క్యాసెట్‌లోకి నోటితో ఊదడం మనందరం చేసిన పనే, కానీ ఆ తేమ వల్ల రాగి పట్టీలు క్రమేణా తుప్పుపడతాయి. మొబైల్ రిపేరు దుకాణాల్లో వాడే ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) ద్రవాన్ని ఇయర్‌బడ్‌కు కొద్దిగా అద్ది పట్టీలను తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టాలి. సూపర్ గేమ్ బాయ్ అడుగు పట్టీలను కూడా మరవకండి. అతుకులు రెండు కాబట్టి తుడవవలసిన చోట్లూ రెండే.

టీవీ విషయంలో ఒక చిక్కు ఉంది. గేమ్ బాయ్ బొమ్మ 160 చుక్కల వెడల్పు, 144 చుక్కల ఎత్తు మాత్రమే కాబట్టి చుట్టూ మిగిలిన చోటును ఒక అలంకారపు చట్రం నింపుతుంది. ఆ చట్రం గంటల తరబడి కదలకుండా ఉంటే ఓఎల్‌ఈడీ తెరల మీద, పాత డబ్బా టీవీల మీద మచ్చగా నిలిచిపోవచ్చు. ఎల్, ఆర్ బటన్లను కలిపి నొక్కితే వచ్చే మెనూలో చట్రాన్ని అప్పుడప్పుడూ మార్చండి. పక్కకు వెళ్లేటప్పుడు టీవీని ఆపేయండి. అమెరికా యంత్రం ఇచ్చేది అక్కడి టీవీల పద్ధతైన ఎన్‌టీఎస్‌సీ సిగ్నల్. పాల్ (PAL) అనే వేరే పద్ధతిలో నడిచే మన పాత టీవీల్లో కొన్ని దానిని నలుపు తెలుపుల్లోనే చూపుతాయి, అది యంత్రం చెడిపోయిందని కాదు.

తరువాత వచ్చిన చేతి యంత్రాల్లో గేమ్ బాయ్ కలర్‌కు మాత్రమే చేసిన పారదర్శకపు క్యాసెట్లు ఇందులో ఆడవు, గేమ్ బాయ్ అడ్వాన్స్ క్యాసెట్లను బలవంతంగా నెట్టకండి. అమెరికా యంత్రంలో ఆట సుమారు 2.4 శాతం వేగంగా నడుస్తుంది, పాట కొంచెం పైశ్రుతిలో వినిపిస్తుంది. అందులో కంగారుపడవలసింది లేదు. ఇద్దరు ఆటగాళ్లు కేబుల్ కలుపుకునే సదుపాయం దీనికి లేదు. అది జపాన్‌లో మాత్రమే 1998లో వచ్చిన రెండో రకంలో ఉంది, వేగం తేడాను కూడా అందులోనే సరిచేశారు.

అడ్వాన్స్ ఆటలే కావాలనుకునేవారు నింటెండో తరువాతి టీవీ యంత్రమైన గేమ్‌క్యూబ్ అడుగున బిగించే గేమ్ బాయ్ ప్లేయర్‌ను వెతకాలి. దానితో వచ్చే డిస్క్ లేకుండా అది పని చేయదు కాబట్టి, డిస్క్ ఉందని, అది మీ యంత్రం ప్రాంతానికే చెందినదని చూశాకే డబ్బు ఇవ్వండి. క్యాసెట్‌ను ఒంచి, తిప్పి ఆడవలసిన కొన్ని ఆటలకు సెన్సర్ క్యాసెట్‌లోనే ఉంటుంది. వాటిని ఇందులో ఆడాలంటే తీగలతో సహా గేమ్‌క్యూబ్ మొత్తాన్ని ఎత్తి తిప్పాలి. అటువంటి ఆటలను చేతి యంత్రానికే వదిలేయండి.