ఇంగ్లిష్ పలుకుబడి – 7వ పాఠం: నోరు ఒప్పుకోని అక్షరాలు

కిందటి పాఠంలో ఒక మాట ఇచ్చి ఎలా పలకాలో చెప్పమన్నాను కదా, ముందు ఆ లెక్క తేల్చేద్దాం. క్యూ, యు, ఏ, వై అని రాసే మాటని ‘కీ’ అనాలి. తాళంచెవిని ఇంగ్లిష్‌లో ఏమంటామో అచ్చం అదే పలుకు. అర్థం, రేవులో ఓడలు ఆగే గట్టు. ‘క్వే’ అని చదివినవాళ్లు బాధపడకండి, తోడు చాలామందే ఉంటారు.

ఈసారి మాట: ఐ, ఎన్, డి, ఐ, సి, టి. చూడగానే ‘ఇండిక్ట్’ అనేస్తాం. తెలుగులో రాసిందల్లా పలుకుతాం కదా, ఆ అలవాటు. అసలు పలుకు ‘ఇన్‌డైట్’. ‘ఇన్’ తేలిగ్గా వదిలేసి, ‘డైట్’ని ఒత్తి పలకండి. బరువు తగ్గడానికి చేసే డైట్ ఉందే, అదే.

అర్థం, ఒకరి మీద అధికారికంగా నేరాభియోగం మోపడం. 2023 మార్చిలో న్యూయార్క్ గ్రాండ్ జ్యూరీ (అభియోగం మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందం) డొనాల్డ్ ట్రంప్ మీద అభియోగాలు మోపినప్పుడు ఇంగ్లిష్ వార్తల నిండా ఈ మాటే. నేరం రుజువైందని మాత్రం కాదు. ఈ మాట వాడే దశకి విచారణ ఇంకా ముందే ఉంటుంది.

మరి ఆ ‘సి’ ఎందుకు? ఈ మాట ఫ్రెంచి మీదుగా వచ్చినప్పుడు అందులో ‘సి’ లేదు. తర్వాత పండితులు లాటిన్ మూలం కనపడాలని దాన్ని ఇరికించారు. రాత మారింది, జనం నోరు మారలేదు. అప్పు అనే అర్థంలో వాడే ‘డెట్’లో ‘బి’ కూడా ఇలా దూరిందే.

ఇదే కోవలో ఇంకొకటి: వి, ఐ, సి, టి, యు, ఏ, ఎల్, ఎస్. తిండి సామాను అని అర్థం. నేను క్లాసులో దీన్ని ‘విక్చువల్స్’ అని గట్టిగా చదివాను. మాస్టారు ‘మళ్లీ చదువు’ అన్నారు. అంతే గట్టిగా మళ్లీ అదే చదివాను! పలకాల్సింది ‘విటిల్స్’, ‘లిటిల్’ అన్నట్టే. ఇప్పుడు మాటల్లో పెద్దగా వాడరు, పాత నవలల్లో, ఓడ ప్రయాణాల కథల్లో కనిపిస్తుంది. బ్రిటన్‌లో మాత్రం లైసెన్సున్న పబ్ యజమానిని ఇప్పటికీ ‘విట్లర్’ అంటారు. రాతలో అక్కడా ‘సి’ ఉంటుంది.

రెండు మాటలూ అయిదేసి సార్లు పైకి అనండి. మనసులో అనుకుంటే నాలుక తిరగదు.

వచ్చే పాఠానికి: సి, ఓ, ఎల్, ఓ, ఎన్, ఇ, ఎల్. సైన్యంలో ఒక హోదా. మన పేపర్లు ‘కల్నల్’ అని రాస్తాయి, ఇంగ్లిష్‌వాళ్లు అలా అనరు. రాతలో లేని అక్షరం ఒకటి వాళ్ల నోట్లో వినిపిస్తుంది. అదేదో పట్టుకోండి.