బడ్జెట్ పుస్తకంలో అసలు ఖర్చు పట్టుకోవడం ఎలా?

రాష్ట్ర బడ్జెట్ చూడాలంటే ప్రసంగం పక్కన పెట్టి డిమాండ్ల పుస్తకం (శాఖలవారీగా శాసనసభను అడిగే నిధుల వివరం) తెరవండి. ప్రసంగంలో వినిపించేది కేటాయింపే.

ప్రతి పద్దు ఎదుటా నాలుగు నిలువు వరుసలుంటాయి. 2025-26 పుస్తకమైతే 2023-24 వాస్తవ లెక్కలు, 2024-25 బడ్జెట్ అంచనా, అదే ఏటి సవరించిన అంచనా, చివరగా 2025-26 అంచనా. అందరూ అంచనాను అంచనాతో పోల్చి పెరిగిందంటారు. మీరు 2023-24 నాటి పాత పుస్తకం కూడా దించుకోండి. అందులో 100 కోట్లు చూపిన పద్దుకు వాస్తవంలో 62 కోట్లే పడితే, ఈసారి 120 కోట్లు రాసినా సంతోషించకండి. ఆ 38 కోట్లు ఎందుకు ఆగాయో ముందు తేలాలి. సవరించిన అంచనా కూడా ఏడాది ముగియకముందు వేసిందే, దాని మీద ఆధారపడొద్దు.

తర్వాత నాలుగంకెల పద్దు సంఖ్య చూడండి. 2, 3తో మొదలైతే రెవెన్యూ వ్యయం. 4, 5 అయితే మూలధన వ్యయం. 6, 7 అయితే ప్రభుత్వం ఇచ్చే అప్పులు. వైద్యానికి 2210లో జీతాలు, మందుల వంటి రోజువారీ ఖర్చులు, 4210లో ఆస్పత్రి భవనాలు వస్తాయి. డబ్బు కటకటగా ఉంటే ముందు కోత పడేది భవనాలకే. ఎందుకంటే వడ్డీ (2049), పింఛన్లు (2071), జీతాలు ఆపడం కుదరదు. ఈ మూడూ కాగ్ (ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) వెబ్‌సైట్‌లోని నెలవారీ లెక్కల్లో విడివిడిగా దొరుకుతాయి. కూడి, రెవెన్యూ రాబడిలో ఎంత శాతమో లెక్కవేయండి. మిగిలినదాంట్లోనే ప్రభుత్వానికి చెయ్యి ఆడుతుంది.

ఎక్కువమంది పొరబడేది పీడీ (పర్సనల్ డిపాజిట్) ఖాతాల దగ్గర, అంటే ఖజానాలోనే అధికారుల పేరిట ఉండే డిపాజిట్ ఖాతాలు. మార్చి నెలాఖరున నిధులు మురిగిపోకుండా సంఘటిత నిధి (ప్రభుత్వ ప్రధాన ఖాతా) నుంచి పీడీ ఖాతాకు మారుస్తారు. ఆ క్షణమే లెక్కల్లో ఖర్చుగా నమోదైపోతుంది, డబ్బు మాత్రం 8443 పద్దు కింద అలాగే ఉంటుంది. కాబట్టి ఏడాది చివర ఆ పద్దు నిల్వ ఎంత పెరిగిందో చూడాలి.

పెండింగ్ బిల్లులది దీనికి తిరగబడ్డ కథ. పని పూర్తయినా చెల్లింపు జరగకపోతే నగదు లెక్కల్లో ఖర్చు కనిపించదు, లోటు తక్కువగా తేలుతుంది. వచ్చే ఏటి కేటాయింపులో కొంత ఆ పాత బాకీకే పోతుంది.

కార్పొరేషన్ల పేరిట తెచ్చిన అప్పులకు ప్రభుత్వ హామీల పట్టిక చూడండి. వాయిదాలు బడ్జెట్ నుంచే కడుతున్నారంటే అది ప్రభుత్వ అప్పుగానే లెక్కించండి.

ఆఖరున కాగ్ అప్రాప్రియేషన్ అకౌంట్స్, అంటే సభ ఆమోదించిన కేటాయింపునూ అసలు ఖర్చునూ పోల్చే లెక్కలు. అందులో ‘మిగులు’ అంటే పొదుపు కాదు, ఖర్చుపెట్టని కేటాయింపు. ‘అధిక వ్యయం’ కనిపిస్తే, రాజ్యాంగం 205వ అధికరణం కింద దాన్ని శాసనసభ క్రమబద్ధం చేసిందో లేదో వెతకండి.